కాప్రా షెడ్డులో కోతమిషను

"మాస్టారు ప్రభువునందు నిద్రించారు" అని ఒక ఆదివారం పొద్దున ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. కింద ఆయన ఫొటో. తెల్ల చొక్కా, మణికట్టు దాకా పెట్టిన గుండీలు, పక్కకు దువ్విన తల. ఎవరో ఆ ఫొటో చుట్టూ గులాబీలు అతికించారు. దాని కింద ఒకరి తర్వాత ఒకరు ఒకే మాట రాస్తూ పోయారు: ఇంత నిజాయితీగల మనిషిని మళ్ళీ చూడలేం. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు, చర్చివాళ్ళు, సికింద్రాబాద్ కార్ఖానా పేటలో మా వీధివాళ్ళు. నేను కూడా దండం పెట్టే బొమ్మ ఒకటి పంపిద్దామని వేలు పైకెత్తాను. పంపలేకపోయాను. ఫోన్ బోర్లించి పెట్టేశాను.

వాళ్ళు రాసింది అబద్ధమని అనను. లెక్కల పేపరు దిద్దేటప్పుడు సొంత కూతురికి సైతం అర మార్కు వదలని మనిషని మా వీధిలో చెప్పుకునేవారు. కిరాణా కొట్టువాడు పొరపాటున ఎక్కువ చిల్లర ఇస్తే ఎండలో వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చివచ్చేవారు. అది నేను కళ్ళారా చూశాను. అదే మనిషి చేసిన ఇంకో పని కూడా నేను చూశాను.

ఆయనది గోదావరి జిల్లాల వైపు. ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చి, స్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరై ఇక్కడే ఉండిపోయారు. ఎన్నేళ్ళున్నా మా మాట ఆయన నాలుకకు అంటలేదు. నాది బేగంపేటలో ఆఫీసు. యాక్సిడెంటైన బండ్లను చూసి బీమా కంపెనీకి రిపోర్టు రాసే పని. లారీ ఎక్కడ బోల్తా పడితే అక్కడికి పోవాలి. అందుకని జిల్లాల్లో నేను తిరగని ఊరు తక్కువ. ఆ సంగతి ఎలా తెలిసిందో, ఒక సాయంత్రం మా గేటు దగ్గర నిలబడ్డారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"వందనాలు బాబూ. మీరు ఊళ్ళు బాగా తిరుగుతారట కదా?"

"అవు సార్. డ్యూటీయే గది."

కాగితం విప్పారు. ఏదో పాత విదేశీ పత్రికలోంచి తీసిన బొమ్మ. ట్రాక్టరు వెనక చిన్న మిషను, దాని పక్కన టోపీ పెట్టుకున్న రైతు.

"ఇదేంది సార్? హార్వెస్టరా?"

"హార్వెస్టరే. కానీ దీనికి సొంత నడక లేదు బాబూ. ట్రాక్టరు లాగాలి, ట్రాక్టరే తిప్పాలి. ఇలాంటిది ఎక్కడైనా కనబడితే నాకొక్క ఫోన్ చెయ్యండి. మీరు ముట్టుకోవద్దు, బేరం అడగవద్దు. చూసి, ఫోన్ చెయ్యండి. అంతే చాలు."

ఇప్పుడు వరికోతలకు వచ్చే మిషన్లు చూస్తే ఇల్లు కదిలి వస్తున్నట్టుంటుంది. డ్రైవరు మేడ మీద కూర్చున్నట్టు కూర్చుంటాడు. మాస్టారికి అవి నచ్చవు. ఆయన వెతికేది చాలా పాతకాలపు చిన్న మిషన్లను. ఒకప్పుడు సర్కారు ఫారాలకు, మిషనరీల పొలాలకు విదేశాల నుంచి వచ్చినవి. మనిషి పడుకున్నంత వెడల్పున పైరు కోస్తాయి. కోసింది కాన్వాసు పట్టా మీద లోపలికి పోతుంది, డ్రమ్ములో నలుగుతుంది, జల్లెడల మీద ఊగుతుంది. గింజలు తూములోంచి పక్కకు దిగుతాయి. అక్కడ చిన్న పలక ఉంటుంది. ఒక మనిషి ఆ పలక మీద నిలబడి సంచులు పట్టి మూతి కట్టాలి. సొంత ఇంజను ఉన్న మిషన్లు వచ్చాక వీటిని ఎవరూ పట్టించుకోలేదు. చాలావరకు పాత ఇనుపసామాను కింద పోయాయి. మిగిలినవి ఎక్కడెక్కడో పెరళ్ళలో కోళ్ళకు గూళ్ళయ్యాయి.

"ఇది మొగుడూ పెళ్ళాం కలిసి నడిపే మిషను బాబూ. ఒకరు ట్రాక్టరు మీద, ఒకరు పలక మీద" అనేవారు. ఆయన తండ్రి ఒక మిషనరీల ఫారంలో ట్రాక్టరు తోలేవాడట. ఆ మాట నాతో ఒక్కసారే అన్నారు. అన్న వెంటనే వేరే సంగతిలోకి పోయారు.

మొదటిది నాకు జోగిపేట వైపు దొరికింది. మూతబడిన రైస్ మిల్లు వెనక, గడ్డిలో సగం మునిగి ఉంది. ఫోన్ చేస్తే మర్నాడు బస్సు దిగారు, చేతిలో స్టీలు క్యారియరు. నేరుగా పోయి గింజలు దిగే తూములో తల పెట్టి గట్టిగా వాసన పీల్చారు. తల బయటికి తీసి, "ఆఖరుసారి దీంట్లో పోసింది కుసుమలు" అన్నారు. మిల్లు ఓనరు బిత్తరపోయాడు. మాస్టారు తూము మూలలో వేలు పెట్టి తడిమి ఒక ఎండు గింజ తీసి, ఊది, జేబులో వేసుకున్నారు. అలా ప్రతి మిషనులోంచి ఒక గింజ. ఇంట్లో పూలకుండీలో నాటేవారు. ఒక్కటీ మొలిచేది కాదు. మళ్ళీ నాటేవారు.

అన్నం దగ్గర ఆయనతో వేగడం కష్టం. గట్టు మీద క్యారియరు విప్పుకుని కళ్ళు మూసుకుంటే ప్రార్థన ఒక పట్టాన తెగదు. మిషను ఇంటివాళ్ళను పేరుపేరునా తలుచుకునేవారు. వాళ్ళ ఆవుదూడను సైతం వదిలేవారు కాదు. ఆయన ఆమెన్ అనేసరికి నా పూరీలకు చీమలు పట్టేవి.

మిషను అడిగే తీరు కూడా ఆయనది వేరే. మొదటిసారి పోయినప్పుడు అడగనే అడగరు. జేబురుమాలు తీసి అరచేయంత మేర తుడుస్తారు. తుప్పు, పేడ, దుమ్ము పోయి అడుగున రంగు కనబడేదాకా తుడిచి, ఇంటివాళ్ళను పిలుస్తారు. "చూడండి, దీని అసలు రంగు ఇదీ." అంతే, వచ్చేస్తారు. రెండోసారి సికింద్రాబాద్ బేకరీలో బిస్కెట్లు కట్టించుకుని, ఒక నూనె డబ్బా పట్టుకుని పోతారు. కీళ్ళకు నూనె పోసి వచ్చేస్తారు. మూడోసారి ఇంటివాళ్ళే అంటారు, తీస్కపోరాదు సారూ అని. అప్పుడు వాళ్ళ రెండు చేతులూ పట్టుకుని, "మీ మిషన్ని మళ్ళీ నడిపించి చూపిస్తాను. ఇది నా మాట" అంటారు. పక్కన నిలబడి ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ, అడగడంలో ఇంత మర్యాద ఉంటుందా అనుకునేవాణ్ణి. రెండో మిషను నారాయణఖేడ్ దగ్గర అన్నదమ్ముల పెరట్లోంచి అలాగే వచ్చింది.

మూడోది మా అత్తమ్మది.

మా నాయన చెల్లెలు. జహీరాబాద్ అవతల నల్లరేగడి ఊరు. మా మామ ఆ మిషన్ను ఒక సర్కారు ఫారం వేలంపాటలో పాడి తెచ్చాడు. ఊరంతా నవ్విందట. ఆ నవ్వినవాళ్ళే రెండో ఏడు తమ జొన్నచేను కోసిపెట్టమని వచ్చారు. మామ ట్రాక్టరు మీద, అత్తమ్మ పలక మీద. పలక ఎత్తుగా ఉండి చీరతో ఎక్కడం ఇబ్బందని, మామ ఎడ్లబండి చక్రం ఇనుప పట్టా ముక్క కోయించి మెట్టుగా వెల్డింగ్ పెట్టించాడు. మామ పోయాక మిషను రేకుల కింద ఉండిపోయింది. పాత సామానువాళ్ళు వస్తే అత్తమ్మ గేటు బయటినుంచే పంపించేసేది. "నేనున్నన్ని దినాలు అది గాడ్నే ఉంటది" అనేది.

ఆ సంగతి మాస్టారికి నేనే చెప్పాను. నేనే తీసుకుపోయాను.

అక్కడ కూడా జేబురుమాలు, ఆపైన బిస్కెట్లు, నూనె డబ్బా. కానీ అత్తమ్మ దగ్గర ఆయన ఇంకో పని చేశారు. "ఎలా నిలబడేవారమ్మా, ఒకసారి చూపించండి" అన్నారు. డెబ్భై దాటిన మా అత్తమ్మ కొంగు నడుముకు చుట్టి, మెట్టు మీద కాలు పెట్టి, పలక ఎక్కి నిలబడింది. లేని సంచిని పట్టుకుని మూతి కట్టి చూపించింది. చూపిస్తూ చూపిస్తూ నవ్వింది. మామ పోయాక ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళు నిజమేనని ఇప్పటికీ నా నమ్మకం. నాకు అర్థం కానిదీ అదే.

మూడోసారి పోయినప్పుడు నన్ను వంటింట్లోకి పిలిచి అడిగింది. "ఈ సారును నమ్మొచ్చా బిడ్డా?"

"నమ్మొచ్చు అత్తమ్మా. నేను జిమ్మ, ఏమన్నైతె నన్నడుగు."

బయటికి వచ్చి ఆయన ముందర నిలబడింది. "సారూ, దాన్ని కోసి తుక్కు చెయ్యనని నాకు మాటియ్యున్రి."

"మాట ఇస్తున్నానమ్మా. దీని ఒంటిమీద కట్టరు పెట్టను."

లారీకి ఎక్కించే ముందు అత్తమ్మ మిషనుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఆయన కొంచెం దూరంగా జరిగి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డారు. లారీ ఊరు దాటిందాకా అత్తమ్మ దారిలోనే ఉంది.

అప్పటినుంచి ఆదివారం చర్చి కాగానే ఆయన అత్తమ్మకు ఫోన్ చేసేవారు. సాయంత్రం అత్తమ్మ నాకు చేసేది. ఇయ్యాల జల్లెడలు కడిగిండట. ఇయ్యాల చక్రాలకు గ్రీజు పెట్టిండట. ఇయ్యాల రంగు షురూ చేసిండట, అసలు రంగే దొరికిందట. పొద్దున లేస్తే మోకాళ్ళ నొప్పులూ బీపీ మాత్రలూ తప్ప వేరే ముచ్చట లేని మనిషికి ఆ ఫోను పండగలాగుండేది. "మీ మామ సుత దాన్ని గింత మంచిగ చూస్కోలే" అంది ఒకసారి.

కాప్రాలో చర్చి స్నేహితుడి ఖాళీ జాగాలో ఆయన రేకుల షెడ్డు వేసుకున్నారు. తీరిక దొరికినప్పుడు నేనూ పోయేవాణ్ణి. మధ్యలో ఒక మిషను కొయ్యదిమ్మల మీద లేపి ఉండేది. పైన టార్పాలిన్. "అత్తమ్మదేది సార్?" అంటే, "లోపలి పనిలో ఉంది, పెళ్ళికూతుర్ని ముందే చూడకూడదు" అని నవ్వి టీకి తీసుకుపోయేవారు. గ్రీజు పని అంతా తెల్లచొక్కాలోనే చేసేవారు, మణికట్టు గుండీలు తియ్యకుండా. ఒక్క మచ్చ పడేది కాదు. అది చూసి నేను ఎంత మురిసిపోయేవాణ్ణో.

ఒక చలికాలం మధ్యాహ్నం మిషను నడిపారు. చర్చివాళ్ళు, పాత విద్యార్థులు చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. అత్తమ్మను నేను ముందురోజే కార్లో తీసుకొచ్చాను. నేత చీర కట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. షెడ్డు బయట ఎండలో మిషను ఎర్రగా మెరుస్తోంది. ముందర ట్రాక్టరు. పక్కన ఎవరో తెచ్చిన జొన్న కట్టలు.

"రండమ్మా" అని మాస్టారు ఎదురువచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. "ఇదిగో మీ మిషను. మాట నిలబెట్టుకున్నాను."

అత్తమ్మ మిషను చుట్టూ ఒకసారి తిరిగింది. పలక దగ్గర ఆగింది. "మెట్టు ఏది సారూ?"

"తుప్పు పట్టి ఊడిపోయిందమ్మా. మీరు ఎక్కడానికి ఇదిగో, స్టూలు తెప్పించాను."

అత్తమ్మ పలక అంచు తడిమి, స్టూలు మీంచి ఎక్కింది. ట్రాక్టరు స్టార్టైంది. పట్టా కదిలింది, డ్రమ్ము ఉరిమింది, పొట్టు పొగలా లేచింది. కాసేపటికి తూములోంచి జొన్నలు దిగాయి. అత్తమ్మ సంచి పట్టింది. నిండగానే రెండు చేతులతో మూతి మెలిపెట్టి ముడివేసి పక్కకు దొర్లించింది. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు పిల్లవాడిలా గెంతారు. నేను ఫోన్లో వీడియో తీసుకుంటూ ఏడ్చాను.

దిగాక అత్తమ్మ టీ తాగింది. ఎవరు పలకరించినా "మంచిగున్నది" అంది. కారు ఎక్కింది. సైనిక్‌పురి దాటిందాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"అది మనది కాదు బిడ్డా."

నేను బ్రేకు మీద కాలు వేశాను. వెనక ఎవడో హారను కొట్టాడు. "ఏందత్తమ్మా, గట్లంటవ్?"

"మెట్టు ఊడితే ఊడనీ. ఊడిన కాడ మచ్చ ఉంటది గద, వెల్డింగుది? మచ్చ లేదు. సాఫ్‌గున్నది."

"రంగేసిండు గద, కనబడకపోవచ్చు."

"కండ్లకు కనబడకపోతె చెయ్యికి తగలదా? తడిమి చూసిన." మోచెయ్యి మడిచి చూపించింది. "సంచి పడితె నా మోచెయ్యి ఆనే జాగ ఒకటుండె. గీ మిషనుకు ఆ జాగ భుజం కాడికొచ్చింది. వేరే మిషన్ది. నేను ఎన్ని పంటలు నిలబడ్డరా దానిమీద, నాకు తెల్వదా?"

వెనక హారను మళ్ళీ మోగితే బండి పక్కకు తీశాను.

"కోసిండు గావచ్చు" అంది. గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది. "అడిగితె ఇచ్చేదాన్ని గద. ఇట్లిట్ల, రెండు మూడు కలిపితేనే ఒకటైతది, నీది కొయ్యాలె అమ్మా అంటె, ఇచ్చేదాన్ని. ఆదివారం ఆదివారం ఫోన్ జేసి గవన్నీ ఎందుకు చెప్పాలె నాకు?"

ఇంటికి చేరేముందు ఇంకో మాట అంది. "నేను సారును చూసి ఇయ్యలే. నిన్ను చూసి ఇచ్చిన."

మర్నాడు పొద్దున ఆఫీసుకు పోకుండా కాప్రాకు పోయాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు. తూములో మిగిలిన జొన్నలు బ్రష్షుతో దులుపుతున్నారు. నన్ను చూసి మొహం వెలిగింది.

"వందనాలు బాబూ. రాత్రి నిద్ర పట్టలేదనుకోండి, సంతోషంతో."

"మా అత్తమ్మ మిషను ఏది మాస్టారూ?"

బ్రష్షు ఆగింది. "ఇదే కదా."

"సాఫ్ చెప్పున్రి."

ఆయన బ్రష్షు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మణికట్టు గుండీలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నారు. తర్వాత మిషను తలుపు రేకు మీద చెయ్యి వేసి, క్లాసులో చెప్పినట్టు చెప్పుకుపోయారు. "డ్రమ్ము ఆవిడదే. జల్లెడలు ఆవిడవే. మూడింట్లోకీ ఆవిడ మిషను లోపల బంగారం బాబూ, ఏమీ చెడలేదు. కోసే పళ్ళు, చక్రాలు జోగిపేటవి. పైరేకులు, తూము, పలక నారాయణఖేడ్‌వి. ఒకటి బతకాలంటే తక్కినవి పోవాలి. వేరే దారి లేదు. విడిభాగాలు ప్రపంచంలో ఎక్కడా దొరకవు."

"మిగిలింది?"

"తీసుకెళ్ళారు."

"ఎవరు?"

"బాలానగర్ తుక్కువాళ్ళు."

"ఎప్పుడు?"

ఆయన నావైపు చూడలేదు. "వచ్చిన వారమే."

వచ్చిన వారమే. అంటే కొబ్బరికాయ కొట్టిన తడి ఆరకముందే కట్టరు పెట్టారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం, లేని చక్రాలకు గ్రీజు పెట్టారు. లేని మిషనుకు రంగు వేశారు.

"మాటిచ్చిన్రు గద మాస్టారూ."

"మాట ఇవ్వకపోతే ఆవిడ ఇచ్చేవారా?" అన్నారు. తప్పు చేసినవాడి గొంతు కాదది. ఇంత చిన్న లెక్క అర్థం కాదా నీకు అన్నట్టుంది. "అయినా ఇప్పుడు ఎవరికి నష్టం బాబూ? ఆవిడ సంతోషంగా వెళ్ళారు. మిషను బతికింది. మీరు అనవసరంగా ఆవిడకు చెప్పి మనసు పాడుచెయ్యకండి."

"నేను చెప్పుడేంది? ఆమెనే నాకు చెప్పింది. నిన్న ఎక్కినప్పుడే ఎర్కయింది ఆమెకు."

మాస్టారు పలక మీద కూలబడ్డారు. మొహం తెల్లబోయింది. ఇప్పుడు ఏడుస్తారనుకున్నాను. ఏడిస్తే ఏం చెయ్యాలో కూడా ఆలోచించుకున్నాను. భుజం మీద చెయ్యి వేసి, పదండి, ఊరికి పోయి ఆమె కాళ్ళు పట్టుకుందాం అందామనుకున్నాను. అనడానికి సిద్ధంగానే ఉన్నాను.

ఆయన తలెత్తి అడిగారు. "ఎలా తెలిసింది?"

"మోచెయ్యి ఆనే జాగ ఎత్తున్నదంట."

లేచారు. గోడకున్న టేపు తీసుకుని, పలక దగ్గర్నుంచి తూము అంచు దాకా కొలిచారు. ఇంకోసారి కొలిచారు. "నిజమే" అన్నారు మెల్లగా, తనలో తాను. "నారాయణఖేడ్‌ది వేరే తయారీ అయ్యుంటుంది. నేను గమనించనేలేదు."

నేను బయటికి వచ్చేశాను. నడుస్తుంటే ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. జేబురుమాలు, బిస్కెట్లు, నూనె డబ్బా, పట్టుకున్న రెండు చేతులు. ఏది మర్యాదో ఏది ఎరో ఇక విడదీయలేకపోయాను. జోగిపేటవాళ్ళకు, నారాయణఖేడ్‌వాళ్ళకు ఏం చెప్పారో అడగాలని ఆ కోపంలో నాకు తోచనేలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆయన మామూలుగానే అత్తమ్మకు ఫోన్ చేశారట. "మీ పని అయింది గద సారూ, ఇంక ఫోన్లెందుకు" అని పెట్టేసింది. అంతకుమించి ఆమె ఒక్క మాట అనలేదు, ఆయనను గానీ నన్ను గానీ. కానీ ఆదివారం సాయంత్రాలు నాకు వచ్చే ఫోను కూడా ఆగిపోయింది. నేను చేస్తే ఎత్తేది. మంచిగున్నరా, పిల్లలు మంచిగున్నరా అని అడిగేది. అదివరకు ఆమె నన్ను అట్లా, చుట్టాన్ని అడిగినట్టు అడిగేది కాదు.

మాస్టారూ నేనూ ఒకే వీధిలో ఉన్నాం. ఎదురుపడితే "వందనాలు బాబూ" అనేవారు, మొదటిరోజు గేటు దగ్గర అన్నంత తీయగానే. నేను తల పక్కకు తిప్పుకునేవాణ్ణి. మా ఆవిడ ఒకసారి కోప్పడింది. "పెద్దమనిషి. ఇనుము గురించి గింత పంతమా?" ఇనుము గురించి కాదని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఇంకా కొన్నాళ్ళకు ఆయన బయటికి రావడం తగ్గింది. ఆస్పత్రి అన్నారు. చూసిరావాలనుకున్నాను. ఏం మాట్లాడతాను? ఒక్క మాట అనండి మాస్టారూ, తప్పయిందని, అని అడుక్కోవాలి. పోలేదు.

మెసేజ్ వచ్చిన కొన్ని వారాలకు ఆయన కూతురు ఫోన్ చేసింది. కాలేజీలో పాఠాలు చెబుతుంది, తండ్రి గొంతే.

"అంకుల్, డాడీ మిషన్ని ఒక వ్యవసాయ కాలేజీవాళ్ళు తీసుకుంటామన్నారు, స్టూడెంట్స్‌కి చూపించడానికి. శనివారం లోడింగ్. మిషన్లు ఇచ్చినవాళ్ళందర్నీ పిలుస్తున్నాను. డాడీ పోయేముందు కూడా దాని గురించే అడిగారు. మీరు తప్పకుండా రావాలి."

అత్తమ్మకు చెప్పాను. "నువ్వు పో. నేను రాను" అంది.

శనివారం ఎండెక్కేసరికి షెడ్డు దగ్గర ట్రాలీ, క్రేను వచ్చి ఉన్నాయి. టార్పాలిన్ తీసేసి మిషన్ని కడిగి పెట్టారు. జోగిపేట మిల్లు ఓనరు కొడుకు, భార్యతో వచ్చాడు. పెద్ద బంతిపూల దండ తెచ్చాడు. దాన్ని మిషను ముందుభాగానికి చక్కగా సర్ది, భార్యను పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. ఆ పక్కనుంచి నారాయణఖేడ్ అన్నదమ్ముల్లో పెద్దాయన కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు.

"జెర జరుగున్రి తమ్మీ, కాయ కొట్టాలె. మా నాయన మిషను ఇది."

కుర్రాడు నవ్వాడు. "మీ నాయనది కాదు పెద్దయ్యా, ఇది మాది. సారు మమ్మల్ని ఇక్కడికి పిలిచి నడిపించి చూపెట్టిండు. మా అమ్మ సుత వచ్చింది."

"మాకు సుత చూపెట్టిండు. మా తమ్ముడు, నేను, మా చెల్లె, అందరం వచ్చినం. ఇదిగో మీ మిషను అని నా చేతులు పట్టుకొని చెప్పిండు."

ఇద్దరూ మొదట నవ్వుకున్నారు, ఇందులో ఏదో పొరపాటు ఉందన్నట్టు. తర్వాత నవ్వు ఆగింది. కూతురు వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి, నావైపు తిరిగింది.

"అంకుల్, డాడీతో మీరు తిరిగారు కదా. ఇది ఎవరిదో మీకు తెలిసుంటుంది."

అందరూ నన్నే చూస్తున్నారు. ఏదో ఒక ఊరి పేరు చెప్పి, రెండోది ఇంకెక్కడో భద్రంగా ఉందని అనేయవచ్చు. అందరం భోంచేసి ఎవరి దారిన వాళ్ళం పోవచ్చు. ఆయన కూడా నన్ను అదే చెయ్యమన్నారు, మనసులు పాడుచెయ్యకండి అని. కారులో కిటికీలోంచి బయటికి చూస్తున్న అత్తమ్మ మొహం నా కళ్ళ ముందరికి వచ్చింది.

"ముగ్గురిది" అన్నాను. "ముందర కోసే పండ్లు, చక్రాలు జోగిపేటవి. పైరేకులు, తూము, పలక నారాయణఖేడ్‌వి. లోపల డ్రమ్ము, జల్లెడలు మా అత్తమ్మవి. మూడు కోసి ఒకటి చేసిండు. మిగిలింది తుక్కుకు పోయింది."

"డాడీ అలా చెయ్యరంకుల్" అంది ఆమె వెంటనే.

"చేసిండమ్మా. నాతోటి ఆయనే చెప్పిండు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నామీద కోపమో, తండ్రి మీదో తెలియలేదు. లోపలికి పోయి షెడ్డు గోడవైపు తిరిగి నిలబడింది. పెద్దాయన కొబ్బరికాయను సంచిలో పెట్టేసుకున్నాడు.

"అంటె..." అన్నాడు కుర్రాడు. "అంటె మాది కోసిండా? మా నాయన మిషను కోసిండా?"

క్రేను డ్రైవరు హారను కొట్టి, ఎత్తాలా వద్దా అని చెయ్యి ఊపి అడిగాడు. ఎవరో ఎత్తమన్నారు. గొలుసులు బిగుసుకున్నాయి. మిషను ఇంకా నేల వదలకముందే ఆ కుర్రాడు ముందుకు పోయి, దండను ఒక్కో చోట విడిపించి జాగ్రత్తగా తీశాడు. తీసి, చుట్టూ చూశాడు. దాన్ని ఎక్కడ వెయ్యాలో అతనికి తోచలేదు. మిషను గాలిలోకి లేచి ట్రాలీ మీదికి దిగుతున్నంతసేపూ దండ రెండు చేతుల్లో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.